కాన్ థో యూనివర్సిటీకి రెండు వారాల స్టడీ ట్రిప్: ఫిషరీస్ వాళ్లు ఏమేం చూసుకోవాలి?

భీమవరం_ఫిషరీస్:
వియత్నాంలో మెకాంగ్ డెల్టా, కాన్ థో యూనివర్సిటీకి మా థర్డ్ ఇయర్ బ్యాచ్ వెళ్లాలండి. రొయ్యల చెరువులు, హేచరీలు, పంగాసియస్ (పంగస్ చేప) ఫారాలు చూపిస్తారట. సంక్రాంతి సెలవులయ్యాక అంటున్నారు, తేదీ ఇంకా ఖాయం కాలేదు. వీసా, డబ్బులు, తిండి, ఫారాల దగ్గర పద్ధతులు తెలిసినవాళ్లు చెప్పండి. మాలో ఇద్దరు గుడ్డు కూడా ముట్టరు.

వశిష్ఠ_గట్టు:
ముందు ఆ తేదీ సంగతి తేల్చుకోండి. సంక్రాంతి వెళ్లీ వెళ్లగానే వాళ్లకి టెట్ వస్తుంది, అంటే చాంద్రమాన సంవత్సరాది. 2027లో అది ఫిబ్రవరి 6న. వారం ముందు నుంచే పనివాళ్లు ఊళ్లు పడతారు, బస్సు టికెట్లు దొరకవు, లాబ్‌లకి తాళాలే. ఫిబ్రవరి చివర గానీ మార్చిలో గానీ పెట్టించండి. అప్పుడు ఎండాకాలం, సముద్రం పోటుకి ఉప్పునీరు కాలవల్లోకి ఎగదన్నుతుంది. డెల్టా దక్షిణ కొసన ఉన్న కా మావ్ వైపు వానాకాలం వరి, ఎండాకాలం అదే మడిలో రొయ్య. ఆ రొయ్య పంట చూడాలంటే అదే అదను. అంతర్వేది, మొగల్తూరు వైపు పిల్లలకి ఉప్పునీటి గొడవ వేరే చెప్పక్కర్లేదు గానీ, దాన్నే పంటగా మార్చుకున్న తీరు చూసి తీరాలి.

గౌతమి_ట్రావెల్స్:
వీసా ఆన్‌లైన్‌లోనే. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లకైతే 50. 90 రోజుల వరకు ఇస్తారు. తిరస్కరించినా డబ్బు వెనక్కి రాదు. అచ్చం ప్రభుత్వ సైటులా ఉండే ఏజెంట్ల సైట్లు ముందు కనపడతాయి, రెండు మూడు రెట్లు లాగుతాయి. అసలుదాని చిరునామా చివర గవ్ డాట్ వీఎన్ ఉంటుంది. మూడు పనిదినాలంటారు గానీ శని, ఆదివారాలూ పండగలూ లెక్కలోకి రావు కాబట్టి మూడు వారాల ముందే పెట్టండి.

మన వాళ్ల దరఖాస్తులు తిరిగొచ్చేది ఎక్కువగా పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, టికెట్ మీద ఇంకోలా. పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు లైన్లు ఉంటాయి చూడండి, అందులో ఎలా ఉంటే అలాగే వీసా ఫారంలోనూ టికెట్‌లోనూ రాయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టయితే టికెట్ కొనక ముందే ఎయిర్‌లైన్‌ని అడగండి. ప్రవేశ తేదీ కంటే ఒక్కరోజు ముందు దిగినా లోపలికి రానివ్వరు. ప్రవేశ ద్వారం టాన్ సన్ న్యాట్ అని ఎంచుకోండి, హో చి మిన్ సిటీ విమానాశ్రయం అదే. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

బ్యారేజీ_బాబు:
అక్కణ్ణుంచి కాన్ థో సుమారు 170 కిలోమీటర్లు, స్లీపర్ బస్సులో నాలుగు గంటలు వేసుకోండి. బస్సెక్కేటప్పుడు చెప్పులు విప్పించి ప్లాస్టిక్ కవరు చేతిలో పెడతారు, వాటిని అందులో వేసుకుని బెర్త్ దగ్గరే ఉంచుకోవాలి. బూట్ల తాళ్లు విప్పుతూ మెట్ల మీద నిలబడితే వెనక క్యూ అంతా ఆగుతుంది, స్లిప్పర్లు మేలు.

డబ్బు: నోట్లన్నీ డాంగులు, నాణేలు వాడకంలో లేవు. 20 వేల నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలం రంగే, విలువలో 25 రెట్ల తేడా. సాయంత్రం గుడ్డి వెలుతుర్లో తారుమారయ్యేది ఈ రెండే. 5 లక్షలవి పర్సులో వేరే అరలో పెట్టండి. మెనూలో ‘45K’ అని ఉంటే 45 వేలు. మన డెబిట్ కార్డుకి విదేశీ వాడకం మామూలుగా ఆపేసి ఉంటుంది, బయల్దేరేలోపే బ్యాంకు యాప్‌లో తెరుచుకోండి. ఓటీపీ కోసం మన సిమ్‌లో రోమింగ్ కూడా ఉండాలి. ఫోన్‌పే ఉందిగా అనుకుని వెళ్లొద్దు.

కోనసీమ_కోడలు:
ఆ ఇద్దరు పిల్లల కోసం రాస్తున్నానండి. అక్కడ ‘చాయ్’ అంటే శాకాహారం, టీ కాదు. ‘చాయ్’ అని బోర్డున్న హోటళ్లు ప్రతి ఊళ్లో ఉంటాయి. అమావాస్యకీ పున్నమికీ బౌద్ధులు చాలామంది మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో రోడ్డుపక్క బళ్ల మీద కూడా దొరుకుతుంది. మామూలు హోటల్లో ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. తూటికూర వెల్లుల్లి వేపుడు చూడ్డానికి మన కూరే, తీరా అందులో చేపల సాస్ ఉంటుంది, ఒక్కోచోట పంది కొవ్వు కూడా. ‘చాయ్’ అని అడిగితేనే అవి పడవు.

మాంసం తినేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి: బో ఎద్దు మాంసం, హేవ్ పంది, గా కోడి, కా చేప, తోమ్ రొయ్య. వేరుశెనగ పడనివాళ్లు ముందే చెప్పాలి, చాలావాటి మీద పలుకులు చల్లుతారు. పెరుగు కప్పులు తియ్యగా ఉంటాయి. చక్కెర లేనిది వేరే అమ్ముతారు, ఆ లేబుల్ ఫోటో ఫోన్‌లో ఉంచుకుని చూపించండి.

ఆవకాయ చెక్-ఇన్ బ్యాగులోనే. నూనె ఊరేది కాబట్టి 100 మిల్లీలీటర్లు దాటితే చేతి బ్యాగులోంచి తీసేస్తారు. వెడల్పు మూతి సీసా వద్దు, మూత కింద ప్లాస్టిక్ కాగితం బిగించి రెండు కవర్లలో కట్టండి. కందిపొడికైతే ఏ బెంగా లేదు.

ఉండి_ఆక్వా:
ఫారాల దగ్గర లెక్కల్లో పప్పులో కాలేసేది ఇక్కడే. వాళ్ల రైతులు ఎకరాల్లో చెప్పరు, ‘కోంగ్’ అంటారు. ఒక కోంగ్ 1000 చదరపు మీటర్లు, మన ఎకరం నాలుగు కోంగ్‌ల చిల్లర. కొన్ని ఊళ్లలో పాత కొలత 1296 చదరపు మీటర్లది నడుస్తోంది, ఏదో అడిగి రాసుకోండి. దశాంశానికి కామా, వేలకి చుక్క: 1,5 అంటే ఒకటిన్నర, 1.500 అంటే పదిహేను వందలు. ఎఫ్‌సీఆర్ (కిలో ఎదుగుదలకి పట్టే మేత) కాలమ్‌లో 1,2 చూసి కంగారు పడొద్దు. ఆల్కలినిటీ (నీటి క్షారత) చుక్కల కిట్‌తో చూస్తే డీకేహెచ్ అనే కొలతలో వస్తుంది, 17.9తో హెచ్చిస్తే మన పీపీఎం.

చెరువు నుంచి చెరువుకి అదే బూట్లతో వెళ్లకండి. గేటు దగ్గర మందునీళ్ల తొట్టి ఉంటే బురద కడిగాకే అందులో దిగాలి. బురద మీద మందు పనిచేయదు. ఇంటికొచ్చాక బూట్లూ బట్టలూ బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేయండి, వారం పాటు సొంత చెరువు గట్టు ఎక్కొద్దు. రొయ్యని ఎదగనీయని ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి స్పోర్లు అంత తేలిగ్గా చావవు. అక్కడి విన్ చావ్ ప్రాంతం ఆర్టీమియాకి (రొయ్య పిల్లలకి మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి) పేరుంది, డబ్బా తెచ్చేద్దామని చేతులు పీకుతాయి. అనుమతి లేకుండా ఆర్టీమియా, నీళ్లు, రొయ్య శాంపిల్ ఏదీ తేవద్దు.

వశిష్ఠ_గట్టు:
పైదానికి కొంచెం కలుపుతాను. ఫారం చూశాక రైతు భోజనం పెడతాడు, బియ్యం సారా ఒకే గ్లాసు వరసగా తిప్పుతారు. తాగనివాళ్లు మొదటి చుట్టులోనే, ఆరోగ్యం బాలేదని నవ్వుతూ చెప్పాలి. ఒక గుక్క వేశాక వద్దంటే నొచ్చుకుంటారు. గ్లాసు తాకించేటప్పుడు పెద్దవాళ్ల గ్లాసు కంటే మీది కిందుండాలి. తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) అన్నంలో నిలువుగా గుచ్చొద్దు, అది చావుకి చేసేది. వయసు అడిగితే ఏమీ అనుకోకండి, పిలుపు దాన్ని బట్టే. మాస్టారుని ‘థాయ్’, మేడంని ‘కో’ అంటే చాలు.

భీమవరం_ఫిషరీస్:
అందరికీ దండాలండి. మాస్టార్లకి ఏమిస్తే బాగుంటుంది? మన ప్లగ్గులు పడతాయా?

కోనసీమ_కోడలు:
నరసాపురం లేసు టేబుల్ క్లాత్ బరువుండదు, పగలదు. ఆత్రేయపురం పూతరేకులైతే వాళ్లకీ బియ్యం రేకులు తెలుసు కాబట్టి ఇష్టంగా చూస్తారు, కాకపోతే గట్టి స్టీలు డబ్బాలో చేతి బ్యాగులో పెట్టుకోవాలి. చెక్-ఇన్‌లో వేస్తే పొడే మిగులుతుంది. ఏదైనా రెండు చేతులతో ఇవ్వండి.

బ్యారేజీ_బాబు:
220 వోల్టులే, ఫోన్ ఛార్జర్ రెండు పిన్నులది నేరుగా పడుతుంది. లాప్‌టాప్ లావు మూడు పిన్నులది పట్టదు. అడాప్టర్ ఒకటీ, ఇక్కడి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటీ తీసుకెళ్తే గదిలో నలుగురికీ సరిపోతుంది.