న్యూయార్క్ కన్నా లాస్ ఏంజిలిస్ ఇరుకా?

నెల్లూరు: అన్నా, 2020 సెన్సస్‌లో అర్బన్ ఏరియా (ఊరూ, దాన్ని అంటుకున్న శివార్లూ కలిపి) జనసాంద్రత చదరపు మైలుకు లాస్ ఏంజిలిస్‌ది 7,476, న్యూయార్క్‌ది 5,981. ఇదెట్టా?

కావలి: లెక్క కరెక్టే అబ్బయా. న్యూయార్క్ నడిబొడ్డు మన్‌హాటన్ 70,000 దాటినా అది 23 చదరపు మైళ్లే. న్యూజెర్సీ, లాంగ్ ఐలాండ్ వైపు శివార్లలో పెద్ద పెరళ్ల ఇళ్లు సగటును కిందికి లాగేస్తాయి. లాస్ ఏంజిలిస్ శివార్లలో ప్లాట్లే చిన్నవి.

ఒంగోలు: ఆ సగటు నేలది, మనుషులది కాదు. మనుషులుండే చోటి ఇరుకు తెలియాలంటే, ఒక్కో సెన్సస్ ట్రాక్టు (జనగణనకు విడగొట్టిన చిన్న ప్రాంతం) సాంద్రతను దాని జనాభాతో గుణించి, అన్నీ కూడి, మొత్తం జనాభాతో భాగించు. నెల్లూరులో స్టోన్‌హౌస్‌పేట వైపు ఒక చదరపు మైలులో 9,000 మంది, పొలాల వైపు ఇంకో మైలులో 1,000 అనుకో. మామూలు సగటు 5,000. ఇట్టా చేస్తే 8,200. 2010లో ఈ పద్ధతిన న్యూయార్క్ మహానగర ప్రాంతం 31,000 పైనే, లాస్ ఏంజిలిస్ 12,000 చిల్లర.

నెల్లూరు: ట్రాక్టులు బోలెడు గదా, కౌంటీలతో (మన జిల్లాల్లాంటివి) వేస్తే?

కావలి: చెడిపోద్ది. లాస్ ఏంజిలిస్ పక్కనున్న శాన్ బెర్నార్డినో ఒక్క కౌంటీనే 20,000 చదరపు మైళ్లు, చాలా భాగం ఎడారే; జనం ఉండే చోటి ఇరుకు ఆ సగటులో కనపడదు.