బాక్స్‌ఎన్ అంటే బాక్స్‌కారేనా? వ్యాగన్ పేర్లు, భాగాల మీద సందేహాలు

రైలుపిచ్చి:
గూడ్స్ వ్యాగన్ల మీద తెలుగులో నోట్సు రాస్తూ మూడు చోట్ల ఆగిపోయాను. మన బాక్స్‌ఎన్, అమెరికా పుస్తకాల్లోని బాక్స్‌కార్ ఒకటేనా? వ్యాగన్‌ని బోగీ అని రాస్తే తప్పా? స్లాక్ అడ్జస్టర్ (బ్రేక్ బ్లాకులకీ చక్రానికీ మధ్య సందుని సరిచేసే భాగం) దగ్గర చెప్పే 'ఏ' కొలత దేనికీ దేనికీ మధ్య?

పాతయార్డు:
ఒకటి కాదండి. బాక్స్‌ఎన్‌కి పైకప్పే లేదు, బొగ్గు పైనుంచి పోస్తారు. అమెరికా లెక్కలో అది గొండోలా. బాక్స్‌కార్‌కి మన దగ్గర సాటి బీసీఎన్. సిమెంటు, ఎరువుల బస్తాలు వెళ్లేది అందులోనే. పేరుని అక్షరాలుగా విడదీసి చూడండి: బీ బోగీ, ఓ ఓపెన్, ఎక్స్ ఎత్తు గోడలు, చివరి ఎన్ ఎయిర్ బ్రేకు. బీటీపీఎన్‌లో టీ ట్యాంకు, పీ పెట్రోలు.

ఇళ్లలో పెట్టెనే బోగీ అంటాం, పేపర్లూ అలాగే రాస్తాయి. నోట్సులో మాత్రం వద్దు. "బోగీ పట్టాలు దిగింది" అని రాస్తే పెట్టె మొత్తమా, ఒక కొస నాలుగు చక్రాలేనా తేలదు. రెండు ఇరుసులున్న కింది చట్రమే బోగీ, అమెరికావాళ్లు దాన్ని ట్రక్ అంటారు. మన గూడ్స్ వ్యాగన్ల కింద ఉండే కాస్నబ్ రకం బోగీలో రెండు సైడ్ ఫ్రేములు, మధ్యన బోల్‌స్టర్ అనే అడ్డ దూలం, దాని కింద స్ప్రింగులు, పక్కన రాపిడితో ఊగుడు ఆపే ఫ్రిక్షన్ వెడ్జిలు. వెడ్జిలు అరిగితే ఊగుడు అణగదు.

బ్రేకుమనిషి:
'ఏ' అంటే కంట్రోల్ రాడ్ తలకీ అడ్జస్టర్ బారెల్‌కీ మధ్య ఖాళీ. బాక్స్‌ఎన్‌కి 70 మి.మీ., పైకి 2 వరకు ఫర్వాలేదు, కిందికి అసలు ఒప్పుకోరు. తగ్గిందంటే బ్రేక్ బ్లాకులు చక్రానికి మరీ దగ్గరవుతాయి, బైండింగ్ వచ్చి (బ్రేకు వదలక పట్టుకుని) చక్రం కాలుతుంది. ఎక్కువైతే పిస్టన్ స్ట్రోకు (బ్రేకు సిలిండర్‌లో పిస్టన్ కదిలే దూరం) పెరిగి బ్రేకు పట్టు తగ్గుతుంది. స్ట్రోకు ఖాళీ వ్యాగన్‌కి 85, లోడుకి 130 మి.మీ. ఉండాలి, అటూ ఇటూ 10.

అయితే స్ట్రోకు తేడా చూడగానే అడ్జస్టర్ మీద పడకండి. ముందు ఎంప్టీ-లోడ్ హ్యాండిల్ (ఖాళీకి, లోడుకి తగ్గట్టు బ్రేకు బలాన్ని మార్చేది) ఎటుందో చూడండి. మొత్తం బరువు 42.5 టన్నులు దాటితే లోడు వైపు ఉండాలి. ఖాళీ రేక్‌ని (వ్యాగన్ల వరసని) లోడు వైపే వదిలేస్తే చక్రాలు బిగుసుకుని ఈడ్చుకుపోతాయి, చక్రం అంచు అరిగి ఫ్లాట్లు పడేది అలాగే.

రైలుపిచ్చి:
స్లాక్ అడ్జస్టర్‌కి తెలుగు మాట పెట్టనా?

బ్రేకుమనిషి:
వద్దు. పిట్‌లైన్‌లో (వ్యాగన్లని కిందినుంచి తనిఖీ చేసే చోట) ఎవరికీ అర్థం కాదు. వ్యాగన్లని కలిపే కప్లర్ దగ్గరి నకిల్, యోక్, డ్రాఫ్ట్ గేర్ కూడా అలాగే ఉంచండి. కప్లర్ ఎత్తు మాత్రం తప్పక రాయండి: పట్టాల పైనుంచి ఖాళీకి గరిష్ఠం 1105, లోడుకి కనిష్ఠం 1030 మి.మీ.

అంకెలబాబు:
వ్యాగన్ నంబరు గురించీ రాయండి. 11 అంకెలు: రకం 2, వ్యాగన్ ఏ రైల్వే సొంతమో 2 (దక్షిణ మధ్య రైల్వేది 09), తయారైన ఏడు 2, వరస 4, చివరిది తనిఖీ అంకె. 10 09 98 1234 తీసుకోండి. సరి స్థానాలు 0+9+8+2+4 = 23, మూడింతలు 69. బేసి స్థానాలు 1+0+9+1+3 = 14. మొత్తం 83, పై పది 90, కాబట్టి చివర 7 రావాలి. రాకపోతే రాసుకోవడంలో ఎక్కడో అంకె తారుమారైనట్టే.