ఎర్రనేలకు తంగేడు బాగుంటుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇంటి ముందు 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు జాగా ఉంది. ఎర్రనేల, ఒక మూల నీడ. నీళ్లు తక్కువ అడిగే మన నేల మొక్కలు చెప్పండి.

జవాబు: తంగేడు పెట్టండి. గింజ పెంకు గట్టిది, గరుకు కాగితంతో ఒక పక్క రుద్ది రాత్రంతా నానబెట్టండి. తొలకరికి నేరుగా నేలలోనే అర అంగుళం లోతున వేయండి. కుండీలోంచి మారిస్తే తల్లివేరు దెబ్బతిని తేరుకోవడం కష్టం. మొక్కకూ మొక్కకూ 4 అడుగుల ఎడం ఉండాలి.

జవాబు: అవునండీ. కానీ రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది, నిలదొక్కుకున్నాక వారానికోసారి చాలు. ఆకు తినే పచ్చ పురుగులకు దయచేసి మందు కొట్టకండి, సీతాకోకచిలుకలయ్యేవి అవే.

జవాబు: నీడ మూలకు నందివర్ధనం. వానాకాలంలో కొమ్మ గుచ్చినా బతుకుతుంది. కత్తిరించేటప్పుడు పాలు కంట్లో పడనివ్వకండి.