బ్యాండ్ ఇన్ ఎ బాక్స్ ట్రాకు రీపర్‌లో పెడితే చరణం దగ్గర తాళం జారుతోంది

గోదావరి కీబోర్డు:
లలిత గీతాలకు వాద్యసహకారం బ్యాండ్ ఇన్ ఎ బాక్స్‌లో (వాద్యాలు తానే వాయించే ప్రోగ్రాము) కట్టి, వేవ్ ఆడియో ఫైలుగా తీసి, గొంతు రీపర్ అనే రికార్డింగ్ ప్రోగ్రాములో రికార్డు చేస్తున్నాను. రెండు చోట్లా టెంపో (నిమిషానికి దెబ్బలు) 92. పల్లవి వరకు బార్ల (తాళం చుట్ల) గీతల మీదే నడుస్తుంది, చరణానికి వచ్చేసరికి జారిపోతుంది. ఇంకొకటి, రెండు ప్రోగ్రాములూ తెరిచి ఉంటే ఒకదానిలో శబ్దం రాదు. పాట హిందోళం రాగం, ఒకటో శ్రుతి (సి). నప్పే స్టైలు (వాద్యాల బాణీ) చెప్పండి. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, చాలుతుందా?

రాత్రి మిక్సింగ్:
పాటకు ముందు రెండు బార్ల లెక్క వస్తుంది కదా, అదే మీ శత్రువు. ఫైలు తీసేటప్పుడు లీడ్-ఇన్ చేర్చాలా అని ఒక గడి ఉంటుంది, టిక్కు తీసేయండి. ఈ ప్రశ్న ఇక్కడ మాటిమాటికీ వస్తుంది, పాత చర్చలు చదివే ఓపిక ఎవరికీ లేదు.

తీగలవాడు:
హిందోళం అన్నారు కాబట్టి ముందే చెబుతున్నాను, ఆటోమేటిక్ బేస్‌ను నమ్మకండి. ఒకటో శ్రుతి కనుక సి మైనర్ కార్డు (కలిపి మోగే స్వరాల గుంపు) పెట్టి ఉంటారు. అందులో జి ఉంది. అంటే పంచమం. హిందోళంలో పంచమం ఎక్కడిది? గాయని మధ్యమం మీద నిలబడి ఉంటుంది, కింద బేస్ హాయిగా పంచమం కొడుతుంది. మొన్న ఒక సభలో ఇలాంటి ట్రాకే విన్నాను, ఇంటికి వచ్చాక కూడా ఆ పంచమం చెవిలోంచి పోలేదు.

స్టేజి ప్యాడ్స్:
లలిత సంగీతానికి ఇంత మడి ఎందుకండీ? అన్యస్వరం పడని సినిమా పాట ఎన్ని ఉన్నాయి?

తీగలవాడు:
సంగీత దర్శకుడు కావాలని వేసిన అన్యస్వరం వేరు. ఈ సాఫ్ట్‌వేర్‌కు రాగం తెలియదు, కార్డు పేరు ఒక్కటే తెలుసు. ఎఫ్ మైనర్, ఎ ఫ్లాట్ మేజర్ పెట్టి చూడండి. మ ద స, ద స గ. అన్నీ రాగంలోవే, బేస్ ఐదో స్వరానికి దూకినా షడ్జమమో గాంధారమో పలుకుతుంది. సి మైనర్ జోలికి పోకండి.

స్టేజి ప్యాడ్స్:
పల్లవి మొదలయ్యేదే షడ్జమం మీద అయితే అక్కడ కూడా ఎఫ్ మైనరేనా? ఇల్లు ఒకరిది, పేరు మరొకరిది అన్నట్టు ఉంటుంది.

తీగలవాడు:
అక్కడ కార్డు తీసేసి తంబురా ఒక్కటే మోగనివ్వండి. ప్రతి బారులోనూ ఏదో ఒకటి మోగాలన్న నియమం ఎవరు పెట్టారు?

శ్రుతిపెట్టె మాస్టారు:
నాయనలారా, అటారీ కంప్యూటర్ మీద మిడి (శబ్దం కాదు, ఏ స్వరం ఎప్పుడు మోగాలన్న సమాచారం) నడిపిన రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను. బ్యాండ్ ఇన్ ఎ బాక్స్ 1990లో వచ్చినప్పుడు అందులో మనుషుల వాయిద్యం లేదు, అంతా మిడి. రియల్‌ట్రాక్స్ (మనుషులు వాయించిన ఆడియో) తరువాత వచ్చినవి. ఆడియో బేస్‌లో ఒక స్వరం మార్చడం తలనొప్పి. మిడి స్టైలు ఎంచుకుని బేస్‌ను రీపర్‌లోకి లాగి, పంచమాలు చెరిపేస్తే గొడవ వదిలిపోతుంది. ఇక జారుడు సంగతి. మీ ఫైలు శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారన్న లెక్క) 44,100, ప్రాజెక్టుది 48,000 అయి ఉంటుంది.

లయపిచ్చి:
మాస్టారూ, అనుభవం మీద గౌరవం ఉంది కానీ ఇది కాదు. రీపర్ రేటును దానంతట అదే మార్చుకుంటుంది. నిజంగా రేటు తప్పితే పాట మొదటి నుంచే పరుగెత్తాలి, శ్రుతి కూడా దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పెరగాలి. ఆయన శ్రుతి గురించి ఏమీ అనలేదు. లీడ్-ఇన్ కూడా కాదు. అది నిండుగా రెండు బార్లు, గీతల నంబర్లు మారతాయి తప్ప తాళం జారదు. చరణం దగ్గర ఏదో బారులో టెంపో మార్పు దాగి ఉంది, వెతకండి.

రాత్రి మిక్సింగ్:
నేను చెప్పినట్టు చేసి బాగుపడినవాళ్లు ఉన్నారు. ప్రయత్నించకుండా కొట్టిపారేయడం ఇక్కడి ఆచారం.

శ్రుతిపెట్టె మాస్టారు:
లయపిచ్చి గారు రీపర్ నిన్న మొన్న నేర్చుకున్నట్టున్నారు. అన్ని ప్రోగ్రాములూ అంత బుద్ధిగా ఉండవు.

లయపిచ్చి:
ప్రశ్న రీపర్ గురించే కదండీ.

వారాంతపు భజన:
మిశ్రచాపుకు (ఏడు లెక్కల తాళం) స్టైలు ఎవరి దగ్గరైనా ఉందా?

గోదావరి కీబోర్డు:
దొరికింది! పాట ఫైలు ఒక మిత్రుడు పంపినది. చరణం మొదటి బారులో 92 కాస్తా 94 అయింది. మిడి ఫైలు లాగినప్పుడు టెంపో మ్యాపు (టెంపో ఎక్కడెక్కడ మారుతుందన్న వివరం) కూడా తీసుకోవాలా అని రీపర్ అడిగింది, సరే అన్నాను. ఇప్పుడు గీతల మీదే నడుస్తోంది. లయపిచ్చి గారికి దండాలు. శబ్దం సంగతి మాత్రం అలాగే ఉంది.

స్టేజి ప్యాడ్స్:
ఏసియో డ్రైవర్‌ను (ఆడియో పరికరంతో నేరుగా మాట్లాడే సాఫ్ట్‌వేర్) ఒక ప్రోగ్రాము పట్టుకుంటే రెండోదానికి చాలాసార్లు దక్కదు. రీపర్ ప్రిఫరెన్సెస్‌లో, ఆపి పక్కకు వెళ్లినప్పుడు ఆడియో పరికరాన్ని వదిలేసే ఎంపిక ఉంది. లేదా బ్యాండ్ ఇన్ ఎ బాక్స్‌నే రీపర్ లోపల ప్లగిన్‌గా (అందులోనే నడిచే అనుబంధంగా) పెట్టుకోండి. హిందోళం గురించి నా అభిప్రాయం మాత్రం మారలేదు.

తబలా జత:
ఇంత తంటాలు పడే బదులు తబలా వాయించేవారిని పిలవవచ్చు కదా? ఈ ట్రాకులు వచ్చాక మా ఊరి కార్యక్రమాల్లో నలుగురి పని ఒక పెన్‌డ్రైవ్‌కు పోయింది.

స్టేజి ప్యాడ్స్:
నలుగురికి ఇచ్చే డబ్బు నిర్వాహకులు ఇస్తే మేమూ పిలుస్తాం. గాయకుడికే ప్రయాణం ఖర్చులు రావడం కష్టంగా ఉంది.

తబలా జత:
మైకు సెట్టుకు, పూల దండలకు ఎలా వస్తున్నాయో మరి.

లయపిచ్చి:
వారాంతపు భజన గారూ, స్టైళ్లలో ఎక్కువ భాగం నాలుగు, మూడు లెక్కలవే. రీపర్‌లో 7/8 పెట్టి, మూడూ నాలుగుగా క్లిక్ ఉంచి, తబలా జత గారి లాంటివారి చేత చక్కగా వాయించి రికార్డు చేయించుకోండి. ఆ చుట్టును కోసి మళ్లీ మళ్లీ తిప్పుకోవచ్చు.

తబలా జత:
తిప్పుకోవడానికి వేరే రేటు ఉంటుంది.