చేతి సూదితో పచ్చబొట్టు పొడిచే ఎరుకల పెద్దమ్మలు ఎవరైనా తెలుసా?

నమస్కారం అండీ. హైదరాబాద్‌లో ఒక టాటూ షాపులో రెండేళ్లుగా పని నేర్చుకుంటున్నాను. మొదటి ఏడాదంతా ఊడవడం, స్టెన్సిళ్లు తీయడం, కృత్రిమ చర్మం మీద గీతలు గీయడమే. దానికి బాధ లేదు, చేయి కుదిరింది అలాగే. కానీ మా నానమ్మ ముంజేతి మీద ఎరుకలామె పొడిచిన తేలు, చుక్కల ముగ్గు చూస్తే మనసు ఆగడం లేదు. దీపం మసిలో ఆకు పసరు కలిపి, ఉత్త సూదులతోనే పొడిచిందట.

రాయలసీమలోగానీ, పాలమూరు వైపుగానీ ఇప్పటికీ పొడిచేవాళ్లుంటే చెప్పండి. ఎన్ని నెలలైనా దగ్గరుండి నేర్చుకుంటాను. ఒక్కటే టెన్షన్: ఒకే సూది అందరికీ వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి సోకవచ్చు. కొత్త సూదులు నేనే తెస్తానంటే పెద్దావిడ నొచ్చుకుంటారా? ఎలా అడగాలి? దక్షిణగా ఏమిస్తే మర్యాద?