‘సాంద్ర నీహారములకు’: ఈ సాంద్రం దట్టమా, జిడ్డా?

రామగిరి, నల్గొండ: మా పెదనాయనకు గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. రిపోర్టులు చూస్తుంటే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్ అంటారే, అది) దగ్గర ఆగిపోయాను. తెలుగులో ‘అల్ప సాంద్రత’ అంటున్నారు కదా, అప్పటి నుంచి పోతన భాగవత పద్యంలోని ‘...అరుగునే సాంద్ర నీహారములకు’ నోట్లో నానుతోంది. ముందు ముక్క తట్టడం లేదు. ఎకో (గుండె స్కాన్)లో గుండె గోడ 13 మిల్లీమీటర్లు, మందమైంది అన్నారు. ఈ మందం, ఆ సాంద్రం ఒకటేనా?

దేవరకొండ పంతులు: ‘పూర్ణేందు చంద్రికా స్ఫురిత చకోరకం బరుగునే’. సప్తమ స్కంధం మరిచిపోతే ఎట్లా తమ్మీ! వెన్నెల తాగే చకోరం దట్టమైన మంచు దగ్గరికి పోతుందా అని. సాంద్రమంటే దట్టం. ఇందులో చర్చకేముంది?

పాలమూరు అక్క: ఉంది సార్. సంస్కృతంలో సాంద్రానికి స్నిగ్ధం, అంటే జిడ్డు అనే అర్థమూ ఉంది. ఆ లెక్కన ఎల్‌డీఎల్ ‘తక్కువ జిడ్డు’ అవుతుంది!

మిర్యాలగూడ ల్యాబు: అక్కా, అసలు సంగతి తలకిందులు. ఆ పేర్లు రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పే యంత్రం)లో తిప్పి వేరుచేసినప్పుడు వచ్చినవి. కొవ్వు ఎక్కువ, ప్రోటీన్ తక్కువ ఉన్న రేణువు తేలిక. ఎల్‌డీఎల్ మిల్లీలీటరుకు 1.019 నుంచి 1.063 గ్రాములు, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్టరాల్) అంతకు పైన. అల్ప సాంద్రత అంటేనే జిడ్డు ఎక్కువ. ఇంకో చిక్కు: ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) పెరిగినవాళ్లలో ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవై చిక్కబడతాయి. వాటినేమందాం, సాంద్ర అల్పసాంద్రమా?

దేవరకొండ పంతులు: విరోధాభాసాలంకారం, పైకి విరుద్ధంగా కనిపించే మాట! పోతన్న వింటే సీస పద్యంలో పెట్టేవాడు.

నకిరేకల్: అంటే ఆ కొవ్వే పేరుకుని గుండె గోడ మందమైందా?

మిర్యాలగూడ ల్యాబు: కాదన్నా. కొవ్వు పేరుకునేది రక్తనాళం గోడలో. గుండె గోడ మందమయ్యేది కండ కణాలు లావెక్కి. ఎక్కువమందిలో ఏళ్లతరబడి ఉన్న బీపీయే కారణం. మగవాళ్లకు మామూలుగా 10 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. గుండెపోటుతో కొంత కండ చచ్చిపోతే ఆ భారం మిగతా కండ మీద పడి అదీ పెరగొచ్చు. రక్తంలో కొవ్వులు, గుండె గోడ మందం ఒకే రోగిలో కనిపించినంత మాత్రాన ఒకదాన్నుంచి ఇంకోటి పుట్టినట్టు కాదు. రామగిరి అన్నా, పెదనాయనకు పాత బీపీ ఉందేమో చూడు. గుండెపోటు తర్వాత ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటారు, ఐరోపా వైద్యులు 2019లో 55 లోపు అన్నారు. మందులు డాక్టరును అడక్కుండా మార్చొద్దు.

పాలమూరు అక్క: పద్యానికి వద్దాం. మొదటి పాదంలో ‘మధుపంబు వోవునే మదనములకు’ (తుమ్మెద మదనాల దగ్గరికి పోతుందా) అని ఉందే, ఆ మదనం ఉమ్మెత్త అని అందరూ బట్టీ పట్టారు. మదనమంటే మైనం కూడా, మన మైనం మాట అక్కడిదే. మకరందం తాగేది ఎండిన మైనం దగ్గరికెందుకు పోతుంది? నా అర్థమే అందంగా ఉంది.

మిర్యాలగూడ ల్యాబు: కొలెస్టరాల్ గురించి చెప్పేటప్పుడు మేమూ మైనంలాంటిదనే అంటాం!

దేవరకొండ పంతులు: మైనంతో పట్టు కట్టేది తేనెటీగ తల్లీ, ఇక్కడున్నది తుమ్మెద. పైగా ఆ పద్యంలోనే రాయంచకు తరంగిణులు (ఏర్లు), కోయిలకు కుటజములు (ఒక చెట్టు)... అన్నీ ప్రకృతిలోనివే. మధ్యలో మైనం ముద్దెందుకు? ఉమ్మెత్తే.

పాలమూరు అక్క: మైనం ప్రకృతిలోది కాదా సార్?

రామగిరి, నల్గొండ: పెదనాయనకు ముప్పై ఏండ్ల బీపీ. మరి మందం, సాంద్రం...?

దేవరకొండ పంతులు: ఆగు తమ్మీ. ముందు కుటజమంటే కొండమల్లెనా, పాలకొడిసెనా ఈ అక్కను చెప్పమను.