జనం నడిచే దారులను వర్గాలుగా విడగొట్టడానికి టోపాలజీ కావాలా, డీటీడబ్ల్యూ చాలదా?

నడకలెక్క:
నాంపల్లి నుమాయిష్ లాంటి మైదానం అనుకోండి. రెండు గేట్లు, మధ్యలో స్టాళ్ల బ్లాకులు, స్తంభాలకు సెన్సర్లు. ఎవరు ఏ బ్లాకుకు ఏ పక్కనుంచి వెళ్లారో వర్గాలు చేయాలి. హోమాలజీ (ఆకారాల్లోని రంధ్రాలను లెక్కించే టోపాలజీ పద్ధతి) వాడమంటున్నారు. నాకైతే పేరు గొప్ప ఊరు దిబ్బ అనిపిస్తోంది. డీటీడబ్ల్యూతో (డైనమిక్ టైమ్ వార్పింగ్: వేగం తేడాను సర్ది రెండు నడకలను పోల్చే పద్ధతి) దూరాలు కొలిచి, దగ్గరివాటిని గుంపులు కడితే (క్లస్టరింగ్) అయిపోదా?

బెట్టి_ఒకటి:
అయిపోదండీ. మిర్చి బజ్జీల కోసం వెనక్కి వెళ్లి మళ్లీ అదే దారిన వచ్చినవాణ్ని డీటీడబ్ల్యూ దూరంగా నెట్టేస్తుంది. నడిచింది మాత్రం అదే దారి.

సెన్సర్లే బిందువులు. రెండిటి మధ్య దూరం మనం ఎంచుకున్న హద్దు ఆర్ లోపు ఉండి, నేరుగా నడవగలిగితే ఎడ్జ్ (రెండిటినీ కలిపే గీత). మూడూ జతజతగా కలిస్తే ఆ త్రిభుజం నింపేయాలి. ఎడ్జ్‌లను బిందువులతో కలిపే మాత్రిక బీ1, త్రిభుజాలను ఎడ్జ్‌లతో కలిపేది బీ2. (బీ1 ట్రాన్స్‌పోజ్ × బీ1) + (బీ2 × బీ2 ట్రాన్స్‌పోజ్) వేస్తే హాడ్జ్ లాప్లాసియన్ అనే మాత్రిక వస్తుంది. దాని నల్ స్పేస్‌కి (ఆ మాత్రిక సున్నా చేసే వెక్టర్లన్నిటికీ) ఎన్ని డైమెన్షన్లుంటే అన్ని రంధ్రాలు, అంటే చుట్టూ తిరిగి పోవాల్సిన బ్లాకులు. నడకను ఎడ్జ్‌ల మీద +1 (ఎడ్జ్ దిశలో), −1గా (ఎదురు దిశలో) రాసి అందులోకి ప్రొజెక్ట్ చేయండి, అంటే దాని నీడను అక్కడ తీయండి. వెనక్కి వేసిన అడుగులు కొట్టుకుపోతాయి. ఒకే గేట్ల మధ్య, బ్లాకులకు ఒకే పక్కనుంచి పోయినవాళ్లంతా నల్ స్పేస్‌లో ఒకే బిందువు మీద పడతారు.

సర్క్యూట్:
కాగితం మీద బాగుంది. ఎడ్జ్‌లను బ్లూటూత్ సిగ్నల్ చూసి గీస్తే మాత్రం మునిగినట్టే. గుడ్డ, ప్లైవుడ్ స్టాళ్లను సిగ్నల్ దాటేస్తుంది. బ్లాకుకు ఇటూ అటూ ఉన్న సెన్సర్లు పొరుగువైపోయి, త్రిభుజాలు నిండి, రంధ్రమే మాయమవుతుంది. ఆర్ తగ్గించారా, ఖాళీ దారి మధ్యలో లేని రంధ్రం పుడుతుంది. బ్యాటరీ అయిపోయిన ఒక్క సెన్సరున్నా అంతే. పైగా నింపిన త్రిభుజంలో ప్రతి చోటూ కనబడాలంటే సెన్సరు చూపు ఆర్/√3 ఉండాలి, అంటే ఆర్ 10 మీటర్లైతే సుమారు 5.8. ఇంకోటి: 2007లో గణితవేత్తలు డి సిల్వా, గ్రిస్ట్ హోమాలజీతో రుజువు చేసింది కవరేజి (సెన్సర్లు చోటంతా చూస్తున్నాయా) గురించి, మనుషుల దారుల గురించి కాదు.

బెట్టి_ఒకటి:
అందుకేగా "నేరుగా నడవగలిగితే" అన్నది! మ్యాపు చూసి, బ్లాకును కోసే ఎడ్జ్‌లు తీసేయాలి.

ట్యాంక్‌బండ్_వాకర్:
మ్యాపు చేతిలో ఉంటే లాప్లాసియన్ ఎందుకు మరి? ఒక్కో బ్లాకు నుంచి ఉత్తరానికి ఒక గీత గీయండి, గీతలు ఒకదాన్నొకటి కోయకూడదు. మనిషి గీత దాటినప్పుడల్లా దాని అక్షరం రాయండి, ఎదురు దిశలో దాటితే దాని విలోమం (ఏ⁻¹ లాగా). పక్కపక్కనే పడ్డ అక్షరం, దాని విలోమం జంటలు కొట్టేయండి. మిగిలిన పదమే వర్గం. ప్రోగ్రాముకు ఒక స్టాక్ (చివర పెట్టిందే ముందు తీసే జాబితా) చాలు.

హోమాలజీకి వరస తెలియదు కూడా. 'ఏ' బ్లాకు చుట్టూ, 'బీ' బ్లాకు చుట్టూ తిరిగి, తర్వాత 'ఏ'ను, 'బీ'ను అదే వరసలో ఎదురు దిశల్లో చుట్టినవాడికి అది సున్నా ఇస్తుంది. అక్షరాల పదం మాత్రం మిగులుతుంది. ఒకే రంధ్రమైతే రెండూ ఒకటే, హుస్సేన్‌సాగర్ లాగా: రాణిగంజ్ నుంచి సెక్రటేరియట్‌కి ట్యాంక్‌బండ్ మీదుగానా, నెక్లెస్ రోడ్డు మీదుగానా అంతే. (నీళ్ల మధ్య బుద్ధుడు నడిచేవాడి లెక్కలోకి రాడు.)

నడకలెక్క:
సరే, పదాలే రాస్తాను. కానీ పీఐఆర్ (ఒంటి వేడితో కదలికను పట్టే) సెన్సరుకు ఎవరు దాటారో తెలియదు కదా? జనంలో ఇద్దరు ఎదురుపడితే దారులు తారుమారైపోవూ?

సర్క్యూట్:
అవుతాయి. దాన్ని టోపాలజీ బాగుచేయదు, డీటీడబ్ల్యూ కూడా చేయదు. ఫోన్లను పట్టుకుందామంటే అవి మ్యాక్ అడ్రసు (ఫోను గుర్తింపు సంఖ్య) మారుస్తూ ఉంటాయి. టికెట్‌తో పాటు బీఎల్‌ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) ట్యాగ్ ఇస్తేనే ఈ లెక్క నిలబడుతుంది. ఎవరు ఎక్కడ ఎంతసేపు నిలబడ్డారో తెలియాలంటే టైమ్‌స్టాంపులు వేరుగా దాచుకోండి, పదంలో ఆ సంగతి ఉండదు.